తోలు ధర దిగిన ఎండాకాలం

లడాయి జరిగిన ఆ ఏళ్లలో మా ఆయన ఒక్క పూటైనా కుదురుగా కూర్చుని తిన్నట్టు నాకు గుర్తు లేదు. జొన్న గటక సగం తినేవాడు, లేచి వాకిట్లోకి పోయి బజారు దిక్కు చూసేవాడు, మళ్లీ వచ్చి ఇంకింత పెట్టమనేవాడు. కాలుగాలిన పిల్లి అని మా అత్త నవ్వేది. కొడుకు కదా, ఆమెకు నవ్వొచ్చేది. ఎంగిలి కంచం ముందు గరిటె పట్టుకుని కూర్చునేదాన్ని నేను. నాకు ఒళ్లు మండేది.

ఆయన పట్టింది నీళ్ల గుత్త. సిద్దిపేటలో అప్పటికి నల్లాలు లేవు. ఎండాకాలం వచ్చిందంటే పెద్ద బజారులో దుమ్ము లేచి ఎదుటి దుకాణం కనిపించేది కాదు. అందుకని పొద్దున, సాయంత్రం బజారులో నీళ్లు చల్లించడం, దవాఖానలో నీళ్ల గోలాలు నింపించడం, తహసీలు కచేరి ముందున్న పశువుల తొట్టి నింపించడం, ఈ పనులకు సర్కారు మూడేళ్లకోసారి హర్రాజు పెట్టేది. ఎవరు తక్కువకు చేస్తామంటే వాళ్లకు గుత్త. ధర తిత్తి లెక్కన. తిత్తి అంటే మేకతోలుతో కుట్టిన నీళ్ల సంచి. భిస్తీ దాన్ని వీపుకు వేసుకుని, మూతి దగ్గర చేయి పెట్టి, వంగి నడుస్తూ నీళ్లు చిమ్ముకుంటూ పోతాడు. చిన్నప్పుడు మా ఊళ్లో ఆ పని చూడలేదు నేను. పెళ్లై వచ్చిన కొత్తలో వాకిలి తలుపు చాటున నిలబడి అదే పనిగా చూసేదాన్ని. నీళ్లు పడ్డ చోట లేచే మట్టివాసన కోసం.

మాకు ఇద్దరు భిస్తీలు ఉండేవాళ్లు. మా వెనక గల్లీలో ఉండే ఒక ముసలాయన, ఆయన కొడుకు. తాతల నాటి నుంచి వాళ్లది అదే పని. ముసలాయన భార్యను నేను ఖాలమ్మ అనేదాన్ని. రోజూ మధ్యాహ్నం మా దొడ్డి గుమ్మం దగ్గర కూర్చుని, ఆకు నములుతూ ఊరందరి సంగతులూ చెప్పి పోయేది. వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడుకునేవాళ్లు కానీ, ఆమె తెలుగు ముందు నా తెలుగు ఎందుకూ పనికిరాదు. నన్ను తిట్టాలన్నా ఆమే, నా తరఫున మా అత్తతో తగువు పెట్టుకోవాలన్నా ఆమే.

లడాయి ఎక్కడో సముద్రాల అవతల. సిద్దిపేటలో ఎవరూ ఫిరంగి చప్పుడు వినలేదు. అయితేనేం, సిపాయిలకు బూట్లు కావాలి, బూట్లకు తోలు కావాలి. అంగడి రోజున ఎక్కడెక్కడి దలాలులో దిగేవాళ్లు. మిరుదొడ్డి నుంచి, ఇబ్రహీంపూర్ నుంచి వచ్చే తోళ్లను బండి మీద ఉండగానే కొనేసి పట్టుకుపోయేవాళ్లు. పచ్చి తోలే కరువైనప్పుడు తంగేడు చెక్కలో నానేసి బాగుచేసిన తోలు ఎక్కడ దొరుకుతుంది? బావుల మీద మోట కొట్టే రైతులు బొక్కెనకు తోలు లేక తలలు పట్టుకున్నారు. తిత్తి ధర రెండింతలైంది, ఆపైన ఇంకా ఎక్కింది. గుత్త ధర మాత్రం హర్రాజు నాడు పాడిందే.

తిత్తి రోజూ తడుస్తుంది, రోజూ ఎండుతుంది. ఎంత నూనె పట్టించినా కొన్నాళ్లకు చివికిపోతుంది. కొత్తవి కొనలేక పాతవాటికే మైనం పట్టించిన దారంతో కుట్ల మీద కుట్లు వేయించారు. ముసలాయన తిత్తి వెనక నుంచి కారి, బజారు కన్నా ఆయన కాళ్లే ఎక్కువ తడిసేవి. జొన్నలూ ప్రియమయ్యాయి. కూలి పెంచమని ముసలాయన నోరు తెరిచి అడగలేదు. ఖాలమ్మ నన్ను అడిగింది, నేను మా ఆయనకు చెప్పాను, ఆయన పెంచాడు. ఎక్కడి నుంచి? మా ఇంట్లో నుంచే. పాడిబర్రెను అమ్మి తోలుకుపోయిన పూట నేను పొయ్యి ముట్టించలేదు. చల్ల లేని ఇంట్లో వంటెందుకు అన్నాను. మా అత్తే లేచి వండింది.

మా ఆడబిడ్డ మొగుడు ఒక ఉపాయం చెప్పాడు. తిత్తి సగం నింపితే చాలట. బరువు తగ్గితే కుట్లు ఊడవు, తిత్తి ఎక్కువ రోజులు వస్తుంది, లెక్కలో మాత్రం నిండు తిత్తే. భూమ్మీద పోసిన నీళ్లను మళ్లీ ఎవడు కొలుస్తాడని నవ్వాడు. నాకూ అది బాగానే ఉందనిపించింది. మా ఆయన అతని ముందు ఏమీ అనలేదు. అతను పోయాక మాత్రం, బజారులో సరే, దవాఖానలో గోలెం సగమే నిండితే ఎట్లా అని నన్ను అడిగాడు. నేనా జవాబు చెప్పాల్సింది? గుత్త వదిలేసి చేతులు కడుక్కోమన్నాను. వదిలేస్తే సర్కారు దగ్గర కట్టిన జమానతు పోతుంది, ఆ తండ్రీకొడుకుల పనీ పోతుంది అన్నాడు. అని మళ్లీ వాకిట్లోకి పోయాడు.

చివరికి ధర పెంచమని కచేరిలో దరఖాస్తు పెట్టుకున్నాడు. గుమస్తా పూర్తిగా చదవకుండానే తిరిగిచ్చాడట. పాడిన ధర పాడినట్టే, గుత్త అంటేనే అది, పెరిగినా నీదే, తరిగినా నీదే అన్నాడట. అయినా ఈయన రోజూ పోయి కచేరి అరుగు మీద కూర్చునేవాడు. కూర్చోవడం మాటవరసకే. అరుగు ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉండేవాడని అక్కడి చప్రాసి మా అత్తకు చెప్పాడు. ఆ తిరుగుడు కంటపడీ కంటపడీ విసుగు పుట్టే తహసీల్దారు లోపలికి పిలిచి ఉంటాడని నేనిప్పటికీ అనుకుంటాను.

ఆ తహసీల్దారు పెద్ద వయసాయన, నిదానస్తుడు. నా నౌకరీలో ధర ఎక్కడం చూశాను కానీ, ఎక్కిన ధర దిగడం ఎన్నడూ చూడలేదు అన్నాడట. ఇప్పుడు నీకు పెంచితే రేపటి హర్రాజు అక్కడి నుంచే మొదలవుతుంది, లడాయి ముగుస్తుంది కానీ ఈ ధర ముగియదు అన్నాడట. మా ఆయన అదేమీ కాదనలేదు. తిత్తికి ఎంత పడుతోందో, కూలికి ఎంత పోతోందో చెప్పుకున్నాడు. తహసీల్దారు ఆలోచించి, పెంచుతాను కానీ తోలు ధర దిగేదాకానే అన్నాడు. దిగిన రోజున నువ్వే వచ్చి చెప్పాలి అన్నాడు. ఈయన చెప్తానన్నాడు. హుకుంలో తోలు ధర దిగేవరకు అని రాశారు. దిగిందని ఎవరు చెప్పాలో రాయలేదు. పెంచినదాంట్లో తిత్తికెంత, కూలికెంత అని కూడా విడదీయలేదు. ఆ రెండూ రాయకపోవడమే ముందుముందు మా మెడకు చుట్టుకుంది.

పెరిగిన పైసలు వచ్చాయి. కొత్త తిత్తులు వచ్చాయి. భిస్తీలకు పెంచిన కూలి మా ఇంటి మీద పడకుండా గుత్తలోంచే వెళ్లేది. ఇక మనిషి కుదుటపడతాడు, నాలుగు ముద్దలు నెమ్మదిగా తింటాడు అనుకున్నాను. ఎక్కడ? అంతకుముందు ధర ఎక్కుతుందేమోనని తిరిగేవాడు, ఇప్పుడు దిగిందేమోనని తిరగసాగాడు. అంగడి రోజు వస్తే తెల్లవారకముందే తోళ్ల వరుసకు పోయేవాడు. కొనేది లేదు, అమ్మేది లేదు. ఒక్కొక్క కుప్ప దగ్గర నిలబడి ధర అడిగి వచ్చేవాడు. తోళ్లమ్మేవాళ్లు ఆయనను చూసి, వచ్చిండమ్మా తోళ్ల తహసీల్దారు అని ఆటపట్టించేవాళ్లు. ఆ మాట మా గల్లీ దాకా వచ్చింది. బావి దగ్గర ఆడవాళ్లు నన్ను తహసీల్దారమ్మా అంటుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

నేను మాత్రం తోలు ధర దిగొద్దని మొక్కుకునేదాన్ని. దాచేదేముంది. ఎక్కడో మనుషులు చస్తున్న లడాయి ఇంకొన్నాళ్లు సాగాలని మొక్కినట్టే అది, నాకా ఆలోచనే రాలేదు. నాకు కనిపించింది ఖాలమ్మ ఇల్లు. ఆమె కూతురు నెల తప్పగానే పుట్టింటికి వచ్చింది. రక్తం లేక తెల్లగా పాలిపోయిన పిల్ల. దవాఖాన నర్సు పాలు తాగించమంది. పెరిగిన కూలితోనే ఖాలమ్మ పూటకింత పాలు పోయించుకునేది. అంగడి రోజు మధ్యాహ్నం వచ్చి గుమ్మం దగ్గర కూర్చుని, ఇయ్యాల ధర ఎట్లున్నదట బిడ్డా అని అడిగేది. ఎక్కే ఉన్నది అనేదాన్ని. ఇద్దరం ఊపిరి పీల్చుకునేవాళ్లం.

లడాయి ముగిసింది. కొన్నాళ్లకు దలాలులు రావడం మానేశారు. ఆ ఎండాకాలం అంగడిలో తోళ్లు అడిగేవాడు లేక కుప్పలు పడ్డాయి. వాసన పెద్ద బజారు దాకా వచ్చేది. ధర సగానికి దిగింది. ఆ రోజు మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు. వాకిట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు. ఆ నడక చూస్తేనే నాకు విషయం అర్థమైంది.

ఎదురుపోయి నిలబడ్డాను. నీ దగ్గర మాట తీసుకున్న తహసీల్దారు బదిలీ మీద పోయి ఎన్నాళ్లయింది, కొత్తగా వచ్చినాయనకు తోలు సంగతి తెలుసా, తిత్తి సంగతి తెలుసా అని అడిగాను. హుకుంలో ఎవరు చెప్పాలో లేదు కదా అన్నాను. ఆ పిల్ల కానుపయ్యేదాకానైనా ఊరుకోమన్నాను.

"ఎవ్వరడిగిన్రు నిన్ను? ఎవ్వరికి తెల్వని ముచ్చట నువ్వెందుకు నెత్తికెత్తుకుంటవు?" అన్నాను.

ఆయన వెనక గల్లీకి పోయి ముసలాయనకు సంగతి చెప్పి వచ్చాడు. ముసలాయన వద్దనలేదట, పొమ్మనలేదట. తిత్తికి నూనె రాస్తూ విన్నాడట. తిరిగొచ్చి మా ఆయన నాకు తన లెక్క చెప్పాడు. దిగింది తోలు ధర, జొన్నల ధర కాదు. అందుకని కచేరికి పోయి తిత్తికి పెంచింది మాత్రం తీసేయమంటాను, కూలికి పెంచింది ఉంచమంటాను అన్నాడు. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో. కచేరి అంటే తక్కెడ పట్టుకుని కూర్చున్న కోమటి దుకాణం అనుకున్నాడు ఆయన, ఇంత తీసి ఇంత ఉంచడానికి.

పోయి చెప్పాడు. కొత్త తహసీల్దారు వయసులో ఉన్నవాడు, చురుకైనవాడు. ఒక గుత్తేదారు తనంతట తాను వచ్చి నా ధర తగ్గించండి అంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. ఇందులో ఏదో ఉందన్నాడు. ఇన్నాళ్లూ ఎక్కువ తిని, ఎవరో ఫిర్యాదు చేయబోతున్నారని తెలిసి ముందే వచ్చి మంచివాడు అనిపించుకుంటున్నాడు అన్నాడు గుమస్తా. విచారణ పెట్టారు. విచారణ అయ్యేదాకా మాకు రావలసిన పైసలన్నీ ఆపేశారు. పెరిగినవే కాదు, మొదటి నుంచి ఉన్నవి కూడా.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాలు నిలవదు. ఎండ మండిపోతోంది. నీళ్లు ఆపితే దవాఖానలో గోలాలు ఎండిపోతాయి. మా ఆయన ఆపలేదు. భిస్తీల కూలి తగ్గించనూ లేదు. నా వెండి కడియాలు అడిగాడు, తీసి ఆయన ముందు విసిరికొట్టాను. వంగి ఏరుకున్నాడు. బజారులో మనుషులు ఆయనను చూసి మాట మార్చేవాళ్లు. నిన్నటిదాకా తోళ్ల తహసీల్దారని నవ్వినవాళ్లే, ఏమీ తినకపోతే ఎందుకు పోయి చెప్తాడు అనసాగారు. ఖాలమ్మ మా గుమ్మం దగ్గరికి రావడం మానేసింది. నా ముఖం చూడాలంటే ఆమెకు బాధో, నామీద కోపమో. అది తెలియక నేను దొడ్డిలోకి, ఇంట్లోకి తిరిగేదాన్ని. ఆయన రోగం నాకూ అంటుకుంది.

కూతురికి నొప్పులు వచ్చిన రోజు ఖాలమ్మే కబురు చేసింది. పరుగెత్తుకుంటూ దవాఖానకు పోయాను. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బతికింది. నేను, ఖాలమ్మ వరండాలో కూర్చుని ఉండగా బయట అలికిడైంది. తహసీల్దారు, గుమస్తా, వెనక మా ఆయన, ఇద్దరు భిస్తీలు వచ్చారు. నీళ్లు నిజంగా పడుతున్నాయా లేదా అని గోలాలు చూడటానికి వచ్చారు. మూత తీసి చూశారు, నిండుగా ఉన్నాయి. తహసీల్దారు అక్కడే వేపచెట్టు నీడన నిలబడి విచారణ మొదలుపెట్టాడు.

నీమీద ఎవరు ఫిర్యాదు చేశారని అడిగాడు. ఎవరూ చేయలేదు అన్నాడు మా ఆయన. కచేరి నుంచి ఎవరైనా వచ్చి ధర అడిగారా? లేదు. నాకు తెలుసా అన్నాడు తహసీల్దారు. తెలియదు. గుమస్తాకు తెలుసా? తెలియదు. మరి ఎవరి భయంతో వచ్చావు అని గట్టిగా అడిగాడు.

"ఎవ్వరికి తెల్వది సర్కార్," అన్నాడు మా ఆయన. "నాకైతె తెలుసు గద."

అంతే అన్నాడు. వరండాలోంచి విన్నాను. ఎవరికీ తెలియదు అన్నదాన్ని నేనే. ఇన్నాళ్లూ ఆయనను ఆ లెక్కలో వేయలేదు నేను.

తహసీల్దారు, వెనక్కి కట్టాల్సింది ఏమీ లేదు అన్నాడు. అనుమానం కొట్టేశాడు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. హుకుం తెప్పించి చదివి, ఇందులో పెంచింది ఒక్కటే మొత్తం, తోలు ధర దిగింది కాబట్టి మొత్తం పోతుంది, కూలి అని వేరే రాసి లేదు అన్నాడు. జొన్నలు దిగలేదు సర్కార్ అన్నాడు మా ఆయన. రాసి లేనిది నేనివ్వలేను అన్నాడాయన. న్యాయం చేస్తూనే నోటికాడి ముద్ద తీసేశాడు. పక్కన ఖాలమ్మ మనవరాలిని ఒడిలో పెట్టుకుని, బయట మాట్లాడేది తన సంగతే కాదన్నట్టు పసిదాని ముఖం తుడుస్తూ కూర్చుంది.

గుత్త గడువు తీరేదాకా పెంచిన కూలి మా ఇంట్లోంచే ఇచ్చాడు. తర్వాత హర్రాజుకు పోలేదు, పోవడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు. ఒక నూనె గానుగ ఆసామి తక్కువకు పాడి గుత్త పట్టాడు. భిస్తీలు వాళ్లే, కూలి మాత్రం పాత కూలి. తిత్తులు సగమే నిండేవి. బజారులో నీళ్లు చల్లిన గడియకే దుమ్ము లేచేది. మా ఆయన అంగడికి పోవడం మానేసి, పొలం చూసుకుంటూ, ఎన్నడూ లేనిది ఇంట్లో కూర్చుని తినేవాడు. నాకు కావలసింది అదే కదా. అయినా ఆ కుదురు చూస్తే నాకు భయమేసేది. కంచం ముందు నుంచి ఒక్కసారి లేచి వాకిట్లోకి పోతే బాగుండు అనిపించేది.

మరుసటి ఎండాకాలం పట్నం వ్యాపారులు దిగి తోళ్లు కొనసాగారు. ధర మళ్లీ ఎక్కింది. కొత్త గుత్తేదారు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఒకనాడు పొద్దున్నే చప్రాసి మా ఇంటికి వచ్చాడు. ధర ఎక్కిందని గుత్తేదారు అంటున్నాడట, అంత ఎక్కలేదని గుమస్తా అంటున్నాడట. ఇద్దరి మాటా నమ్మనన్నాడట తహసీల్దారు. మా ఆయన అంగడంగడికి పోయి చూసి, వచ్చి ఎంత చెప్తే అంతే రాస్తాడట. ఎక్కినా, దిగినా.

జీతమెంత అని లోపలి నుంచి అడిగాను. జీతం లేదన్నాడు చప్రాసి. పైసా ఇవ్వకుండా, నా కడియాలు మింగిన కచేరి మళ్లీ మా గుమ్మం తొక్కిందా అని తలుపు వేయబోయాను. మా ఆయన దొడ్డిలోంచి చేతులు కడుక్కుని వచ్చాడు. మంచిది, వస్తానంటాడని నాకు తెలుసు. అన్నాడు కూడా. కానీ ఆగి, చప్రాసిని దగ్గరికి పిలిచాడు.

"తోలు ధర ఒక్కటే చెప్పను. జొన్నల ధర గూడ చెప్త. తిత్తికి వేరే, కూలికి వేరే రాస్తనంటె వస్త. లేకపోతె రాను, చెప్పు పో."

చప్రాసి ఆ మాట పట్టుకుని పోయాడు. తహసీల్దారుతో ఇలా మాట్లాడినవాళ్లను నేను ఎరగను. ఇంటి మీదికి ఇంకేం వస్తుందోనని ఒక చోట నిలబడలేకపోయాను. సాయంత్రం కాకముందే చప్రాసి తిరిగొచ్చాడు. తహసీల్దారు అట్లనే కానిమ్మన్నాడట, రెండూ వేరేవేరే రాస్తాడట.

అంగడి రోజున ఖాలమ్మ ఎన్నాళ్లకో మా దొడ్డి గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చుంది. చంకలో మనవరాలు. మా ఆయన తోళ్ల వరుసకు పోకముందే జొన్నల కుప్పల దగ్గరికి పోయి, ఒక్కొక్కరినీ ధర అడుగుతూ ఎండలో తిరుగుతున్నాడని చెప్పింది.

"నీ మొగనికి పిచ్చి బిడ్డా," అంది కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

నేను కాదనలేదు.